వింటేజ్ పట్టుచీర: షాపులో కొనాలా, పాతదే కొనాలా, నేయించుకోవాలా, ఇంట్లోది బాగు చేయించాలా?

వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని కేక వినిపించగానే బీరువా అడుగు నుంచి తీసి, స్టీలు గిన్నెలకో కొద్దిపాటి డబ్బుకో ఇచ్చేసిన చీరలు చాలా ఇళ్లలో ఉన్నాయి. అదే కోటంచు, అవే గళ్లు, అదే వంకాయ రంగు మీద చిన్న బుటా ఇవాళ పెద్ద షాపుల్లో "వింటేజ్ కలెక్షన్" పేరుతో వేరే అరలో దర్శనమిస్తున్నాయి. పక్క అరలోని మామూలు పట్టు కంటే వీటి ధరే ఎక్కువ. ఫోన్ తెరిస్తే నిజంగానే ముప్పై, నలభై ఏళ్ల కిందటి చీరలు అమ్మే పేజీలు మరోపక్క ఊరిస్తుంటాయి. పెళ్లికో వ్రతానికో పాతకాలపు కళ ఉన్న పట్టుచీర కావాలనుకునేవాళ్లకు ఎటు వెళ్లాలో తేలకపోవడం సహజం.

దారులు నాలుగు: ఇంట్లో ఉన్న పాత చీరను బాగు చేయించుకోవడం, ఇంకొకరి పాత చీర కొనడం, షాపులో పాత నమూనాతో వచ్చిన కొత్త చీర కొనడం, నేతవారితో అదే నమూనా నేయించుకోవడం. మా సలహా ముందే చెప్పేస్తాం. ఇంట్లో పాత చీర ఉండి, దాని పట్టులో ఇంకా బలం ఉంటే మిగతా మూడూ దాని తర్వాతే. బలం లేకపోతే ఆ చీర మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా. ఈ రెండింటికీ మధ్య తేడా ఎలా పట్టుకోవాలన్నదే అసలు విషయం.

## మీరు ఇచ్చే డబ్బు దేనికి వెళ్తోంది

పట్టుచీర ధరలో నాలుగు భాగాలుంటాయి: జరీలోని లోహం, పట్టు దారం, చేతిపని, వయసు. వింటేజ్ అని చీటీ తగిలించినంత మాత్రాన ఈ నాలుగింటిలో ఏదీ చీరలోకి వచ్చి చేరదు.

అన్నిటికంటే విపరీతంగా పెరిగింది లోహం ఖర్చు. అసలు జరీ అంటే సన్నటి వెండి తీగను రేకులా నొక్కి, పట్టు దారం చుట్టూ చుట్టి, పైన బంగారం పూత పెట్టినది. మంచి జరీలో వెండి 40 శాతమో అంతకు మించో ఉంటుంది, బంగారం అర శాతం చుట్టుపక్కల. 2000లో కిలో వెండి 8,000 రూపాయల దరిదాపుల్లో ఉండేది. 2025లో లక్ష దాటింది. అప్పట్లో జానెడు అంచు, చెంగు నిండా జరీ మధ్యతరగతి పెళ్లిళ్లకు కూడా అందేది. ఇప్పుడు అంత జరీ వేస్తే చీర ధర మామూలు కుటుంబానికి అందదు కాబట్టి, ధర అదుపులో ఉంచడానికి జరీనే మార్చేస్తున్నారు.

ఒక లెక్క చూడండి. పాత చీరలో 150 గ్రాముల అసలు జరీ ఉందనుకుందాం. అందులో వెండి 60 గ్రాములు. 2025 మధ్య నాటి ధర, కిలో లక్ష లెక్కన వెండే 6,000 రూపాయలు. బంగారం ముప్పాతిక గ్రాము. గ్రాము 10,000 లెక్కన మరో 7,500. పూత అరిగింది తీసేసి, కరిగించే ఖర్చు, తరుగు తీసేసినా వేలల్లో విలువ మిగులుతుంది. వీధిలో తిరిగేవాళ్లు వెయ్యి, రెండు వేలు ఇచ్చి పట్టుకుపోతున్నది దీనికోసమే. చీరను కాల్చి వెండి తీస్తారు. కాబట్టి పనికిరాదని తేలిన చీరైనా సరే, జరీ ఏమిటో చూపించకుండా ఇవ్వకండి. చాలా బంగారం షాపుల్లో క్యారెట్ మీటర్ (లోహాన్ని కరిగించకుండా అందులో ఏమేం ఉందో చూపే యంత్రం) ఉంటుంది. దారం సన్నం కాబట్టి శాతాలు పక్కాగా రావు గానీ, వెండి ఉందో రాగి ఉందో మాత్రం తెలిసిపోతుంది.

## ఏ దారైనా ముందు చూడాల్సినవి

పట్టులో బలం. పగటి వెలుతురులో, తెల్ల దుప్పటి మీద చీర పూర్తిగా పరవండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చీర ఆ మడత గీత మీదే చీలుతుంది. మడత గీతకు అటూ ఇటూ రెండంగుళాల ఎడంలో రెండు చేతుల వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. పోగులు కొంచెం సాగి మళ్లీ వెనక్కి వస్తే పట్టు బతికే ఉంది. పోగుల మధ్య సందులు పడి అలాగే ఉండిపోయినా, సన్నగా చిటచిట చప్పుడు వచ్చినా పట్టు ఎండిపోయింది. తర్వాత చీరను కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. సూది మొనంత వెలుతురు చుక్కలు వరసగా కనిపిస్తే ఆ గీత మొత్తం త్వరలో పోతుంది.

ఎక్కడెక్కడ చూడాలంటే: కుచ్చిళ్ల కింది అంచు (ఫాల్ ఉంటే దాని కింద దుమ్ము చేరి పోగులు కోసుకుపోతాయి), నడుము దగ్గర దోపే చోటు, భుజం మీద పిన్ను పెట్టే చోటు, చంక పక్కన చెమట మరక పడే భాగం. చెమట మరక రంగు సమస్య మాత్రమే కాదు, అక్కడ పట్టు పెళుసెక్కుతుంది. చెంగు ఎంత మెరిసినా ఈ నాలుగు చోట్లా చూడకుండా నిర్ణయానికి రావద్దు.

జరీ. చెంగు చివర కుచ్చులో వేలాడే జరీ పోగు ఒకటి తీసుకుని గోటితో గీకండి. పైపూత పోయి తెల్లగా మెరిస్తే వెండి. ఎర్రగా కనిపిస్తే రాగి, అంటే టెస్టెడ్ జరీ. పల్చటి రిబ్బనులా ఊడి వస్తే ప్లాస్టిక్ జరీ. లోపలి దారం కూడా ఒక ఆనవాలే. అసలు జరీలో ఎరుపో పసుపో పట్టు దారం ఉంటుంది, నకిలీలో సాధారణంగా తెల్ల దారం. లోపలి దారానికి రంగు వేసి వస్తున్న నకిలీ కూడా ఉంది కాబట్టి దీని ఒక్కదాన్నే నమ్మలేం. పాత జరీ నల్లబడితే కంగారు పడకండి. వెండికి గాలి తగిలితే నలుపు రావడం మామూలే. పచ్చగా చిలుము పట్టినట్టు ఉంటే అది రాగి.

నల్లబడిన జరీకి చింతపండు, నిమ్మకాయ, టూత్ పేస్టు ఏదీ పెట్టకండి. నలుపుతోపాటు బంగారం పూత కూడా పోతుంది, పులుపు పట్టును తినేస్తుంది.

చేతిపని. కంచి చీరల్లో ఒంటికి ఒక రంగు, అంచుకు ఇంకో రంగు ఉంటే కోర్వై అనే పద్ధతిలో మూడు నాడెలతో (అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే పనిముట్లు) నేస్తారు. గద్వాలలో కుప్పడం అంటారు. అంచు తిరగేసి చూడండి. ఒంటి పేక (అడ్డంగా నేసే దారం) రంగు అంచులోకి కలవకుండా ఆగిపోయి, కలిసే చోట చిన్న ముడతలాంటి గీత తగిలితే అది చేత్తో కలిపింది. అంచు రంగులో ఒంటి రంగు ఛాయ కనిపిస్తుంటే పేక ఈ చివరి నుంచి ఆ చివరికి పోయిందని అర్థం. ఉప్పాడ జమ్దానీ అయితే బుటా రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వెనక కత్తిరించిన పోగుల చివర్లు గరుగ్గా తగిలితే అది జమ్దానీ కాదు.

పన్నా (అంటే వెడల్పు), పొడవు. దీన్ని చాలామంది మర్చిపోతారు. ఇప్పటి చీరలు 46 నుంచి 48 అంగుళాల పన్నాతో వస్తున్నాయి. పాతవి 44, 45 అంగుళాలే ఉండటం మామూలు. మీరు అయిదడుగుల ఆరంగుళాలకు మించిన ఎత్తైతే ఈ రెండు మూడు అంగుళాలు తగ్గితే పాదాల దగ్గర తెలిసిపోతుంది. పాత చీరలో రవికె ముక్క కూడా ఉండదు, అప్పుడే కత్తిరించి కుట్టేసి ఉంటారు. అదే రంగు పట్టు రవికె గుడ్డ దొరకదు కాబట్టి అంచు రంగుకు దగ్గర్లో చూసుకోవాలి.

వీటికి తోడు మీ వైపు నుంచి రెండు ప్రశ్నలు: ఈ చీర ఎన్నిసార్లు కడతారు? ఎప్పటికల్లా కావాలి?

## నాలుగు దారులు పక్కపక్కన

| | ఇంట్లోది బాగు చేయించడం | ఇంకొకరి పాత చీర | షాపులో కొత్త "వింటేజ్" | నేయించుకోవడం |
|---|---|---|---|---|
| ఖర్చు | వందల నుంచి కొన్ని వేలు | అదే జరీతో కొత్తదానిలో మూడో వంతు నుంచి సగం పైచిలుకు | రెండు వేల నుంచి లక్ష దాటి | షాపు ధర కంటే సాధారణంగా తక్కువ, ముందుగా అడ్వాన్సు |
| సమయం | వారం నుంచి నెల | నచ్చింది దొరికినప్పుడే | ఆ రోజే | నెల నుంచి మూడు నెలలు |
| జరీ | మీరే చూసుకోవచ్చు | ఫొటోల మీద ఆధారం | బిల్లులో రాస్తేనే నమ్మకం | ముందే మాట్లాడుకోవచ్చు |
| ప్రధాన ప్రమాదం | పట్టు చిరగడం | దాచిన లోపాలు, రిటర్న్ లేకపోవడం | మరమగ్గం గుడ్డకు చేనేత ధర | రంగు తేడా, ఆలస్యం |
| ఎన్నేళ్లు కట్టొచ్చు | పట్టు బలాన్ని బట్టి | అదీ అంతే | పట్టైతే దశాబ్దాలు, పాలియెస్టరైతే మెరుపు ఉన్నంత కాలం | దశాబ్దాలు |

## ఇంట్లో చీర

బలం పరీక్షలో నెగ్గిన చీరకు కావాల్సింది చాలా తక్కువ. నీడలో రెండు రోజులు ఆరేస్తే బీరువా వాసన సగం పోతుంది. మరకలుంటే పట్టు చీరలు తెలిసినవాళ్ల దగ్గర డ్రైవాష్ చేయించండి. మరక ఎక్కడుందో దారంతో గుర్తు కుట్టి, అది కాఫీయా నూనా చెమటా అన్నది చెప్పి ఇవ్వాలి, ఒక్కో మరకకు వాడే మందు వేరు. పాత ఫాల్ విప్పేసి కొత్తది వేయించండి. విప్పినప్పుడు దారం లాగొద్దు, ఒక్కో కుట్టూ కత్తిరించాలి.

పాలిష్ దగ్గర మాత్రం జాగ్రత్త. రోల్ పాలిష్‌లో చీరకు గంజో జిగురో పట్టించి, ఆవిరి మీద రోలర్ల మధ్య బిగించి లాగుతారు. ఆరోగ్యంగా ఉన్న చీరకు కొత్త నిగారింపు వస్తుంది. మడతల మీద బలం తగ్గిన చీర మాత్రం రోలర్ బిగింపుకు నిలువునా చీలుతుంది. చీలకపోయినా ఆ జిగురు ఎండాక మడతలు మరింత పెళుసవుతాయి. బలం విషయంలో కొంచెం అనుమానం ఉన్నా పాలిష్ వద్దని, మామూలు ఆవిరి ఇస్త్రీ చాలని చెప్పండి.

మధ్యస్థంగా ఉన్న చీరలకు, అంటే రెండు మూడు చోట్ల సన్న చిరుగులుండి మిగతాదంతా బాగున్న వాటికి, రఫూ, అంటే చిరిగిన చోట పోగులు అల్లి కలపడం, ఒక మార్గం. పప్పుగింజంత చిల్లులకు బాగా కుదురుతుంది. మడత పొడవునా ఉన్న చీలికకు కుదరదు, పక్కనున్న పోగులు సూది పోటుకే పోతాయి. అక్కడ వెనక నెట్ వేయించాలి. ఒంటి రంగులోనే మెత్తటి నెట్ తీసుకుని, అంచుల వెంబడి, ఒంటి మీద బెత్తెడు దూరంలో వరసలుగా చేత్తో టాకాలు వేయించండి. మిషను కుట్టు వద్దు. చీర బరువు పెరుగుతుంది, కుచ్చిళ్లు కొంచెం ఉబ్బుతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు కట్టే చీరకు ఇది సరిపోతుంది.

ఒంటి భాగం పూర్తిగా పోయి జరీ అంచు, చెంగు మాత్రం నిలిచిన చీరలు చాలా ఉంటాయి. వెండి జరీ పట్టు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది మరి. అలాంటప్పుడు అంచు తీసి కొత్త ఒంటికి వేయిస్తారు. రెండు వైపులా కలిపి సుమారు 11 మీటర్ల అంచు, ముప్పాతిక మీటరుకు పైగా చెంగు వస్తుంది. కత్తిరించేటప్పుడు పాత ఒంటి గుడ్డ కనీసం ఒక సెంటీమీటరు వదిలి కత్తిరించమనండి, అది లేకపోతే కుట్టు నిలవదు. కొత్త ఒంటికి జార్జెట్, షిఫాన్ వద్దు, బరువైన అంచు కిందికి లాగి గుడ్డ జోలెలా వేలాడుతుంది. కాస్త ఒత్తుగా ఉన్న పట్టు గానీ, ముందే తడిపి ఆరేసిన నూలు గానీ తీసుకోండి. తడపని నూలుకు వేయిస్తే మొదటి ఉతుకుకే నూలు కుంచించుకుపోయి అంచు ముడతలు పడుతుంది. గద్వాల చీరల్లో సాధారణంగా నూలు ఒంటికి పట్టు అంచు ఉంటుంది, వాటిని ఇంట్లో నీళ్లలో పెట్టకూడదని చెప్పేదీ ఇందుకే.

పాత చీరను వేరే బట్టగా మార్చాలంటే, లంగా-ఓణీ, పొడుగు ఫ్రాకు కంటే కూడా చిన్నపిల్లల పట్టు లంగా మంచి ఉపయోగం. కుచ్చులు వదులుగా ఉంటాయి, కుట్టు మీద లాగుడు పడదు. పెద్దవాళ్ల రవికెకు మాత్రం పాత పట్టు వాడకండి. చంక దగ్గర, వీపు మీద కుట్లు ఒక్కసారికే పిగులుతాయి.

## ఇంకొకరి పాత చీర

అసలు జరీ మీద మోజు ఉండి, ఇంట్లో చీర లేనివాళ్లకు ఇది నిజంగా మంచి దారి. ఇప్పుడు కొత్తగా నేయిస్తే లక్ష దాటే చీరలో ఉండేంత జరీ చాలా తక్కువకు చేతికొస్తుంది. కానీ ఇక్కడ ధర అమ్మేవాళ్ల ఇష్టం. చీర ఎంత పాతదో రుజువు చేసే కాగితం దాదాపు ఎప్పుడూ ఉండదు. అందుకే వయసుకు డబ్బు ఇవ్వకండి. "అరవై ఏళ్ల చీర" అన్న మాటకు విలువ కట్టొద్దు. పట్టు బలానికి, జరీకి, నేతకు మాత్రమే కట్టండి.

ఫోన్లో కొంటున్నప్పుడు అమ్మేవాళ్లు పెట్టే నాలుగు అందమైన ఫొటోలు చాలవు. ఇవి అడగండి:

- కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టిన ఒంటి భాగం, వీడియోగా
- ఫాల్ తిరగేసి కుచ్చిళ్ల కింది అంచు
- భుజం దగ్గర పిన్ను గుర్తులున్న చోటు
- అంచు వెనక వైపు దగ్గరగా
- టేపు పెట్టి పన్నా, పొడవు. తూకం మీద బరువు
- వెనక నెట్ వేసి ఉందా, రఫూ చేసి ఉందా, పాలిష్ పట్టించారా అన్నదానికి రాతపూర్వక జవాబు

పాలిష్ పట్టించిన పాత చీర విషయంలో రెట్టింపు జాగ్రత్త అవసరం. జిగురు పట్టిన చీర చేతికి బిగువుగా, కొత్తదానిలా తగులుతుంది. ఒకటి రెండుసార్లు కట్టాక ఆ బిగువు పోయి లోపలి నీరసం బయటపడుతుంది. వీటిలో ఏది అడిగినా విసుక్కునే అమ్మకందారును వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి, లేకపోతే చిరుగు ఎవరిదన్నది తేలదు.

వచ్చాక తడిపిన తెల్ల నూలు గుడ్డతో అంచు మూల ఒకసారి ఒత్తి చూడండి. ఎర్రంచు, తెల్లటి ఒళ్లు ఉన్న చీరల్లో రంగు దిగే గుణం ఉంటే చెమటకే మరక పడుతుంది. వేరే చీరలతో కలిపి బీరువాలో పెట్టే ముందు కొన్ని రోజులు విడిగా నీడన గాలి తగలనివ్వాలి. బట్టలు కొరికే సిల్వర్ ఫిష్ పురుగులు, వాటి గుడ్లు చీరతోపాటే వస్తుంటాయి.

## షాపులో కొత్త "వింటేజ్"

ఇక్కడ ఒకే అరలో మూడు రకాల సరుకు కలిసి ఉంటుంది. ఒకటి, చేత్తో నేసిన అసలు పట్టు, అసలు జరీ. రెండు, చేత్తో నేసిన అసలు పట్టు, టెస్టెడ్ జరీ. మూడు, పాత డిజైనును కంప్యూటర్ జకార్డు (మగ్గానికి బిగించి డిజైను తెచ్చే యంత్రం) మీద నేసిన మరమగ్గం గుడ్డ, అందులో పట్టు కలవనూ వచ్చు, పూర్తిగా పాలియెస్టరూ కావచ్చు. మూడింటికీ డిజైను ఒకటే, రంగులు ఒకటే, చీటీ ఒకటే. ధరలో మాత్రం ఎంతో తేడా ఉండాలి. అంత తేడా కనిపించకపోతే మీరు ఎక్కువ ఇస్తున్నట్టే.

రెండో రకాన్ని తీసిపారేయనక్కర్లేదు. టెస్టెడ్ జరీ అని ఒప్పుకుని, దానికి తగ్గ ధర పెడితే అది నిజాయితీ గల చీరే. చేతిపని అదే, పట్టు అదే, ఏడాదికి నాలుగుసార్లు కట్టుకునేవాళ్లకు నిండుగా సరిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ జరీ రంగు మారుతుందని, కరిగిస్తే వెండి రాదని తెలిసి కొనుక్కుంటే చాలు. "యాంటిక్ జరీ" అన్నది కూడా వయసును చెప్పదు. మెరుపు తగ్గించి తయారు చేసిన కొత్త జరీకే ఆ పేరు.

లేబుళ్లు దేనికి హామీ ఇస్తాయో, దేనికి ఇవ్వవో తెలుసుకోండి. సిల్క్ మార్క్‌ను కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో మొదలుపెట్టారు. అది పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే చెబుతుంది. జరీ గురించి గానీ, చేనేతా మరమగ్గమా అన్నది గానీ చెప్పదు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చేత్తో నేసిందని చెబుతుంది. రెండూ ఉంటేనే సగం నమ్మకం, మిగతా సగం జరీకి బిల్లు మీద రాయించుకోవడమే. "ప్యూర్ జరీ" అంటే చాలదు. "వెండి జరీ" అనో "టెస్టెడ్ జరీ" అనో స్పష్టంగా రాయమనండి. రాయడానికి వెనకాడితే దాన్ని టెస్టెడ్ జరీ ధరకే బేరం చేయండి.

పాలియెస్టర్ వింటేజ్ చీర రెండు, మూడు వేలల్లో వస్తుంటే, అది అదేనని తెలిసి కొనడంలో తప్పు లేదు. ఆఫీసులో పండగ రోజుకో, కాలేజీ కార్యక్రమానికో బాగుంటుంది. పట్టు అనుకుని పది వేలు పెట్టడమే బాధ. పడుగు (నిలువు దారం) నుంచి ఒకటి, పేక నుంచి ఒకటి పోగు తీసి కాల్చండి. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. రెండు వైపుల నుంచీ ఎందుకంటే, పడుగు పట్టు పెట్టి పేక పాలియెస్టర్ వేయడం మామూలైపోయింది.

## నేయించుకోవడం

ఓపిక ఉన్నవాళ్లకు అన్నిటికంటే తృప్తినిచ్చేది ఇదే. అమ్మమ్మ చీర చిరిగిపోయినా, దాని ముక్క పట్టుకెళ్తే అదే అంచు మళ్లీ మగ్గం మీదికి వస్తుంది. కంచి, ధర్మవరం, గద్వాల, ఉప్పాడ, వెంకటగిరి, పోచంపల్లి ఎక్కడికైనా వెళ్లే ముందు, ఆ చీర ఏ ఊరి నేతో తేల్చుకోండి. గద్వాల చీరను ధర్మవరంలో నేయించాలనుకుంటే ఒంటికీ అంచుకూ మధ్య ఆ అతుకు అలాగే రావడం కష్టం.

చాలామంది తడబడేది పడుగు దగ్గర. పడుగు ఒక్క చీరకు వేయరు, మూడు నాలుగు చీరలకు కలిపి వేస్తారు. మీకు కావలసిన రంగు పడుగు కోసం మొత్తం వేయాలంటే మిగతా చీరలు ఎవరో కొనాలి. అందుకే రెండు దారులు. అక్కచెల్లెళ్లో తోడికోడళ్లో కలిసి మూడు చీరలు ఒకే ఒంటి రంగులో చెప్పి, అంచు, చెంగు వేర్వేరుగా అడగడం ఒకటి. మగ్గం మీద ఇప్పటికే ఉన్న పడుగు రంగు ఒప్పుకుని పేక, బుటా మార్చుకోవడం రెండోది. పేక రంగు మారితే ఒంటి ఛాయ కూడా మారుతుందని గుర్తుంచుకోండి. ఎరుపు పడుగు మీద నీలం పేక వేస్తే వంకాయ రంగు రెండు వెలుగుల్లో రెండు రకాలుగా మెరుస్తుంది, పాత చీరల అందంలో సగం అదే.

కొత్త డిజైను అంటే జకార్డు అట్టలు (డిజైను ప్రకారం చిల్లులు కొట్టినవి) కొత్తగా కొట్టించాలి, ఆ ఖర్చు మీ ఒక్క చీర మీద పడుతుంది. మాస్టర్ వీవర్ (నేతవారితో పని చేయించే పెద్ద) దగ్గర పాత అట్టలు చాలా ఉంటాయి. రుద్రాక్ష, నెమలి, మామిడి పిందె, గండభేరుండం లాంటివి అడిగితే తీసి చూపిస్తారు. అందులో దగ్గరగా ఉన్నది ఎంచుకుంటే డబ్బూ సమయమూ మిగులుతాయి.

మాట్లాడుకునేటప్పుడు కాగితం మీద రాసుకోండి: జరీ ఏ రకం, ఎన్ని గ్రాములు, పన్నా ఎన్ని అంగుళాలు, రవికె ముక్కతో కలిపి పొడవెంత (ఆరు మీటర్లకు పైన ఉండాలి), రంగుకు అద్దిన నమూనా దారం, ఇచ్చే తేదీ, అడ్వాన్సు. రంగు ఫోన్ ఫొటోలో ఒప్పుకోకండి. ఒక్కో స్క్రీన్‌లో ఒక్కోలా కనిపిస్తుంది. అద్దిన దారం ముక్క కొరియర్‌లో తెప్పించుకోవడం మంచిది. అడ్వాన్సు సగం మించకూడదు. పెళ్లికైతే ముహూర్తానికి కనీసం నాలుగు నెలల ముందు చెప్పండి. వర్షాకాలంలో గాలిలో తేమ ఎక్కువై నేత నెమ్మదిస్తుంది. గుంట మగ్గాల్లోకి నీళ్లు చేరితే పని ఆగిపోతుంది. ఆషాఢం తర్వాత పెళ్లిళ్ల సరుకు ఒత్తిడి మొదలవుతుంది.

## ఎవరికి ఏది

పెళ్లికూతురు. తలంబ్రాల చీర కొత్తదే కావాలన్న పట్టింపు ఉన్న ఇళ్లలో నేయించుకోవడమే సరైనది. నాలుగు నెలలు లేకపోతే షాపులో మొదటి రకం, బిల్లు మీద జరీ రాయించుకుని. అమ్మ పెళ్లిచీర బాగుంటే రిసెప్షన్‌కో, వ్రతానికో కట్టుకోండి. పెళ్లి పీటల మీద గంటల తరబడి కూర్చుని లేవడం, అక్షింతల తడి, పసుపు మరకలు పాత పట్టుకు మంచివి కావు.

ఏడాదికి రెండు మూడుసార్లు కట్టేవాళ్లు. ఒక లెక్క వేసుకోండి. 45,000 పెట్టి కొన్న చీర ఏడాదికి మూడుసార్లు చొప్పున పదేళ్లు కడితే ఒక్కో కట్టుకు 1,500. నాలుగు వేల పాలియెస్టర్ చీర మూడుసార్లు కట్టి పక్కన పెడితే ఒక్కోసారికి 1,300 దాటుతుంది. మూడు వేలు పెట్టి బాగు చేయించిన ఇంటి చీర పదిసార్లు కడితే 300. చవక అనుకున్నది చవక కాదు, ఖరీదనుకున్నది అంత ఖరీదూ కాదు.

విదేశాల్లో ఉన్నవాళ్లు. అక్కడ రఫూ, నెట్ తెలిసినవాళ్లు దొరకడం కష్టం, పట్టు డ్రైవాష్ ఖర్చూ ఎక్కువే. బలహీనమైన పాత చీర తీసుకెళ్లొద్దు. ఇక్కడికి వచ్చినప్పుడే నెట్, ఫాల్, కుచ్చులు అన్నీ పూర్తి చేయించుకుని, రవికె కూడా కుట్టించుకుని వెళ్లండి. వీడియో కాల్‌లో పాత చీర కొంటుంటే పార్సిల్ నేరుగా తెప్పించుకోకుండా ఇక్కడ ఇంట్లోవాళ్ల చేతికి ముందు అందేలా చూడండి. వెలుతురు పరీక్ష వాళ్లు చేశాకే మీకు పంపాలి.

చీరలు పోగుచేసేవాళ్లు. ఇంకొకరి పాత చీరే మీ దారి. కట్టడానికి పనికిరాని బలహీనమైన చీరైనా నేత అరుదైనదైతే తీసుకోవచ్చు, జరీ విలువ మించి ఇవ్వనంతవరకు. అవి కట్టకండి. అట్టగొట్టానికి తెల్లటి మల్లు బట్ట చుట్టి, దాని మీద చీరను చుట్టి ఉంచండి. మడత ఉండదు కాబట్టి చీలదు.

మొదటిసారి పట్టుచీర కొంటున్న అమ్మాయిలు. టెస్టెడ్ జరీతో ఉన్న చేనేత చీరతో మొదలుపెట్టండి. చూసుకోవడం, మడవడం, కట్టడం దాని మీద అలవాటవుతాయి. అద్దెకు ఇచ్చే చోట ఒకసారి తీసుకుని బరువైన చీర మీకు నప్పుతుందో లేదో చూసుకోవడమూ మంచిదే. కేజీ దాటిన చీరలో నాలుగు గంటలు నిలబడటం అందరికీ సౌకర్యంగా ఉండదు.

ఏది తీసుకున్నా బీరువాలో పెట్టే పద్ధతి ఒకటే. ప్లాస్టిక్ కవరు తీసేసి పాత మెత్తటి నూలు గుడ్డలో చుట్టండి. జరీ లోపలికి వచ్చేలా మడిచి, మూడు నెలలకోసారి మడత మార్చండి. అప్పుడు ఒక గంట నీడలో గాలికి వేయండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు, ఎండిన వేపాకో లవంగాలో గుడ్డలో కట్టి మూలన పెడితే చాలు. సెంటు చీర కట్టుకోకముందే కొట్టుకోండి, ఆరాకే చీర ముట్టండి. జరీ మీద పడిన ప్రతి చుక్కా నల్ల మచ్చవుతుంది. ఇనుప హ్యాంగర్‌కు వేలాడదీస్తే చీర బరువంతా ఒకే గీత మీద పడి, ఆ గీత వెంబడే చిరుగుతుంది.